ఎడమ పేజీ

సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు, నేనేం వ్రాయగలనని నవ్వేశాను. తర్వాత తట్టింది: ఈ ఏడాది నేను నేర్చుకున్న నాలుగు ముక్కలూ వ్రాయడం వల్ల వచ్చినవే గదా!

మాది నరసరావుపేట. బి.ఇడి. బోధనాభ్యాసానికి నాకు గురజాల వైపు ఒక ఉన్నత పాఠశాల పడింది. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో బి.ఇడి. రెండేళ్ళ చదువయింది. అందులో 20 వారాలు బడిలో గడపాలి. ఏ రోజు పాఠం ఎట్లా జరిగిందో పుస్తకంలో వ్రాసుకోవాలి. ఆ పుస్తకం సంగతి మనకు తెలియంది కాదు! చివరి వారంలో ఒక్క రాత్రి కూర్చుని, రెండు మూడు కలాలు మార్చి, నెలల తరబడి వ్రాసినట్లు నింపేస్తాం. “పాఠం జయప్రదంగా జరిగింది. విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు.” నేనూ అట్లాగే మొదలుపెట్టాను.

అయితే ఆ బడికి వెళ్ళిన మేం నలుగురం ఒక ఏర్పాటు చేసుకున్నాం. సాయంత్రం బస్సులో పుస్తకాలు మార్చుకోవాలి. కుడి పేజీ వ్రాసినవారిది, ఎడమ పేజీ చదివినవారిది.

ఒక బుధవారం ఎనిమిదో తరగతికి అనులోమానుపాతం చెప్పి, అదే పాత వాక్యం వ్రాశాను. మా సహాధ్యాయిని ఎడమ పేజీలో ఒక్క ముక్క వ్రాసింది: “పాల్గొన్నవాళ్ళ పేర్లు రాయండి.”

కూర్చున్నాను. ఐదు పేర్లు వచ్చాయి. ఐదూ ముందు బల్లవాళ్ళవే. తరగతిలో ఉన్నది నలభైమంది! సిగ్గేసింది.

మర్నాడు చివరి బల్లనుంచి ఒక అమ్మాయిని లేపాను. సోమవారాలు రావడం లేదని నేను రెండుసార్లు కేకలేసిన పిల్ల. “మూడు కలాలు 24 రూపాయలైతే, ఏడు ఎంత?” తల వంచుకుంది.

“సోమవారం ఎక్కడికి పోతున్నావమ్మా?”

“ప్రత్తి తీతకు సార్.”

“ఎంతిస్తారు?”

“కిలోకి పన్నెండు. మొన్న నేను 18 కిలోలు తీశా, 216. మా అమ్మ 35 తీసింది, 420.”

కాగితం లేదు, కలం లేదు. కాటా దగ్గర మోసపోకుండా నేర్చుకున్న లెక్క అది. బోర్డు మీద కలాలు చెరిపి, కిలోలూ కూలీ వ్రాశాను. వెనక బల్లలకు నోరొచ్చింది. గంట కొట్టేముందు ఆ పిల్లే లేచి, “కలాలు 56 సార్” అంది.

ఆ సాయంత్రం మూడు పేజీలు వ్రాశాను. ఎడమ పేజీ మాత్రం ఊరుకోలేదు: “లెక్క బాగుంది. మరి సోమవారం సంగతేమిటి?”

వాళ్ళింటికి వెళ్ళి తల్లితో మాట్లాడాను. రెండు సోమవారాలు వచ్చింది, మూడోది రాలేదు. అదీ వ్రాశాను. మంగళవారం మధ్యాహ్నం విడిగా కూర్చోబెట్టి చెప్పడం అప్పటినుంచే అలవాటైంది. అది పూర్తి జవాబు కాదని నాకు తెలుసు.

గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకా “దివాస్వప్న”లో ఒక ఉపాధ్యాయుడు నాలుగో తరగతిలో తన ఏడాది ప్రయోగాన్ని తానే చెబుతాడు. మొదటిరోజే తన ఏర్పాటు తలకిందులైందని దాచకుండా ఒప్పుకుంటాడు. అందుకే మిగతాదంతా నమ్మబుద్ధి వేస్తుంది.

మార్కులకోసం వ్రాసేటప్పుడు మన తప్పులు దాచుకుంటాం. అడిగే స్నేహితుడికోసం వ్రాస్తే అవే ముందు బయటపడతాయి. వచ్చే ఏడు బడులకు వెళ్ళబోయే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నా మనవి ఒక్కటే: మీ పుస్తకంలో ఎడమ పేజీ ఖాళీగా వదలండి.