పాపికొండల్లో నేను చెప్పిన అబద్ధం

విహారయాత్ర గురించి గోడపత్రికకు రాయమని తెలుగు సార్ అడిగితే ముందు నేను రాయనన్నాను. ఎందుకన్నానో చదివితే మీకే తెలుస్తుంది.

సంక్రాంతి సెలవులు అయినాక మా తొమ్మిదో తరగతిని పాపికొండలకు తీసుకెళ్ళారు. తెల్లవారుజామునే పులిహోర పొట్లాలు కట్టుకొని బస్సెక్కాము. పోచవరం రేవులో లాంచీ ఎక్కాము. ఒకటే చలి. రెండు పక్కలా కొండలు, మధ్యన గోదావరి. కొండలు దగ్గరికి వచ్చే కొద్దీ నది సన్నబడింది. కేకలు వేసేవాళ్ళు కూడా అక్కడ మాట్లాడకుండా చూశారు.

సోషల్ సార్ చాలా సంగతులు చెప్పారు. ఈ అడవిని 1978లో అభయారణ్యం చేశారు. 2008లో జాతీయ ఉద్యానవనం చేశారు. విస్తీర్ణం 1012 చదరపు కిలోమీటర్లు. ఇందులో పులి, అడవిదున్న, కణితి, రాచనాగు ఉన్నాయి. ఇక్కడ వేటాడకూడదు, చెట్టు కొట్టకూడదు. ఉద్యానవనం అంటే పూలతోట అనుకొని కొందరు పూల కోసం వెతికారు. మా ఊరు ఆ కొండల వెనకాలే. మేమయితే ఉద్యానవనం అనము, కొండ అంటాము, అంతే. పులి మాత్రం కనబడలేదు. కోతులు కనబడ్డాయి.

లాంచీలో మైకు పట్టుకున్న అన్న, "ఈ కొండల్లో కొండరెడ్లు ఉంటారు, జీలుగు కల్లు తాగి పడుకుంటారు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే నేను కొండరెడ్ల పిల్లనని అందరూ నా వైపు చూస్తారని భయం.

మా నాన్న జీలుగు చెట్టు ఎక్కుతాడు. వెదురు నిచ్చెన కట్టి అంత ఎత్తు ఎక్కి, గెల కోసి, కుండ కడతాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కాలి. కాలు జారితే ఇంక అంతే. నా చెప్పులు, నా నోటు పుస్తకాలు ఆ చెట్టు ఇచ్చినవే. ముసలోళ్ళ కాలంలో తిండి లేనప్పుడు జీలుగు చెట్టు కొట్టి, లోపలి మెత్తటి భాగం దంచి, ఆ పిండి వండుకొని బతికారట. 1945లో హైమండార్ఫ్ అనే ఆయన మా రెడ్ల గురించి ఇంగ్లీషులో పెద్ద పుస్తకమే వేశారని సార్ చెప్పారు. ఇవన్నీ నేను ఆ అన్నకు చెప్పాల్సింది. చెప్పలేదు.

పేరంటాలపల్లిలో దిగాము. గుడి చూశాము, కొండ ఊట నీళ్ళు తాగాము. మెట్ల పక్కన ఆడవాళ్ళు వెదురు పూలు, బుట్టలు అమ్ముతున్నారు. మూడో ఆమె మా పెద్దమ్మ.

ఆమె నన్ను చూసింది. నేను యూనిఫారంలో ఉన్నాను. మావాళ్ళు ఆమె దగ్గరే కూర్చొని ఇరవై రూపాయల పువ్వు పదికిస్తావా అని బేరం ఆడారు. నేను తల వంచుకొని నిలబడ్డాను. పెద్దమ్మ పిలవలేదు. పదికే ఇచ్చేసింది.

లాంచీ హారన్ కొట్టినాక పెద్దమ్మ గబగబా వచ్చి నా చేతిలో అడ్డాకు పొట్లం పెట్టి వెళ్ళిపోయింది. విప్పితే రేగుపళ్ళు. "ఎవరే ఆమె?" అని నా పక్కన పిల్ల అడిగింది. "ఎవరో తెలిసినావిడ" అన్నాను. పళ్ళు అందరూ తిన్నారు. నాకు గొంతు దిగలేదు.

ఒకటో తరగతిలో నన్ను హాస్టల్లో చేర్చినప్పుడు నా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకొని వాగు దాటించింది ఆమే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు పెద్దమ్మ వాళ్ళు మేకలతో సహా కొండ మీద పరదా కింద ఉన్నారు. పోలవరం నిండితే ఆ ఒడ్డే మునిగిపోతుందంటున్నారు. అప్పుడు పెద్దమ్మ ఎక్కడ కూర్చొని అమ్ముతుందో నాకు తెలియదు. ఆ మెట్ల మీద ఆమెను పిలిచే వీలు ఆ రోజు ఉండింది, నేను పిలవలేదు.

అందుకే ఇక్కడ అందరూ చదివేలా రాస్తున్నాను. ఆమె ఎవరో తెలిసినావిడ కాదు. మా పెద్దమ్మ. వేసవి సెలవుల్లో వెళ్ళి ఆమెకు కూడా చెబుతాను. పువ్వు పదికి కొన్నవాళ్ళు మిగతా పది నాకు ఇస్తే తీసుకెళ్ళి ఇస్తాను.

తప్పులుంటే మన్నించగలరు.

– 9వ తరగతి విద్యార్థిని