వేలు నేర్చిన విద్య

కంప్యూటరులో ఫొటోలు చూపెడి ప్రోగ్రాములు ఒక్కొక్కటి ఒక్కొక్క తీరున ప్రవర్తించుటను పెద్ద లోపముగా ఎవ్వరును ఎంచరు. అయినను, మౌసు మీది చక్రమును వెనుకకు త్రిప్పినపుడు ఒక ప్రోగ్రామునందు తరువాతి ఫొటో వచ్చుటయు, అదే త్రిప్పుటకు మరియొకదానియందు ఎదుటనున్న ఫొటోయే చిన్నదై తెర నడుమకు ముడుచుకొనుటయు నిత్యము అనుభవించువానికి కలుగు చిరాకు, యంత్రమే చెడిపోయినపుడు కలుగు దుఃఖము కంటె వేరు జాతిది. చెడిన యంత్రమును బుద్ధి అర్థము చేసికొని ఊరడిల్లును. ఇచ్చట మోసపోవునది వేలు. పోపులడబ్బాలోని గిన్నెలను ఎవరో మార్చిపెట్టగా ఆవాలకై పోయిన చేతికి మెంతులు దొరకినట్లుండును.

ఇందుకు కారణము లేకపోలేదు. 1996లో వెలువడిన ఇర్ఫాన్‌వ్యూ వంటివి ఇర్ఫాన్ స్కిల్యాన్ వంటి ఏకవ్యక్తుల కృషి. వానిలో వ్రాసినవాని అలవాట్లే శాసనములు. పెద్ద సంస్థలైనను తేల్చిన దేమియు లేదు. విండోస్ 10 లోని ఫొటోస్ ప్రోగ్రాము, చక్రము త్రిప్పిన తరువాతి ఫొటో రావలెనా, ఉన్నది పెద్దది కావలెనా యను తగవును తాను తీర్పక సెట్టింగులలో మనకే వదలిపెట్టినది. ఆపిల్ వారు 2011లో మాక్ కంప్యూటర్లకు లయన్ అను ఆపరేటింగ్ సిస్టమును తెచ్చుచు స్క్రోలింగు దిక్కునే తలక్రిందులు చేయగా, ఎందరి వేళ్ళో మరల ఓనమాలు దిద్దుకొనవలసివచ్చినది. ఇక ఎస్కేప్ మీట సంగతి: ఒకచోట నిండుతెర తొలగును, ఒకచోట ప్రోగ్రామే మూతపడును.

వరుసక్రమము మరియొక వింత. పెండ్లి ఫొటోలకు 1 మొదలు 10 వరకు అంకెలిచ్చి, స్నాతకము 1 గాను, గౌరీపూజ 2 గాను, అప్పగింతలు 10 గాను ఉంచితి మనుకొందము. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ మొదలుకొని ఫోల్డరునందు అవి ఆ క్రమమునే ఉండును. అంకెలను అక్షరములుగా చదువు ప్రోగ్రామునందు మాత్రము 1 పిదప 10 వచ్చును గనుక, స్నాతకము కాగానే అప్పగింతలు జరిగి, అందరి కన్నీళ్ళును ఆరిన పిమ్మట గౌరీపూజ ఆరంభమగును.

వీనినన్నిటిని సహింపవచ్చును గాని, ఫొటోను త్రిప్పు వ్యవహారము నాకు క్షమింపరానిదిగా తోచును. కెమెరాను నిలువుగా పట్టినను లోపలి సెన్సారు తన పొడవు ప్రక్కనే చూచును గనుక, చాల కెమెరాలలో ఫొటో అడ్డముగానే ఫైలునకెక్కి, దానివెంట ఎగ్జిఫ్ అను వివరములలో ఒక అంకె వ్రాయబడును: 1 అయినచో ఉన్నదున్నట్లు చూపవలెను, 6 అయినచో కుడికి 90 డిగ్రీలు త్రిప్పి చూపవలెను. ఆ అంకెను చదువు ప్రోగ్రామునందు పెండ్లికూతురు నిలుచుండును, చదువని పాతవానియందు పరుండును. అప్పుడు మనము వంపుబాణపు గుర్తును నొక్కుదుము. ఒకటి తెరమీద మాత్రమే త్రిప్పి, మూయగానే మరచిపోవును. ఒకటి అంకెను దిద్దును. ఇంకొకటి మాటమాత్రమైనను చెప్పక ఫైలునే తిరుగవ్రాయును. జేపెగ్ చిత్రము 8 చుక్కల నిడివియు 8 చుక్కల వెడల్పును గల గళ్ళుగా కుదింపబడినది. గళ్ళను గళ్ళుగానే జరిపిన నష్టము లేదు. చిత్రపు కొలత వానికి సరిపోనిచో అంచును కత్తిరించుటయో, అంతయు విప్పి మరల కుదించుటయో తప్పదు. అట్లు కుదించినపుడు చీరె అంచులోని సన్నని జరీగీతలు కొంత అలుకుకొనిపోవును; అవి మరల రావు. అడిగి చేసినచో ఇందులో తప్పులేదు. అడుగకుండ చేయుటయే దౌర్జన్యము.

చుక్కలను త్రిప్పియు అంకెను మార్చుట మరచు ప్రోగ్రాములు సైతము కలవు. వాని చేతబడిన ఫొటో, అంకెను చదువనిచోట నిటారుగా నుండి, నమ్మినచోట ఇంకొకమారు తిరుగును. ఇంటి కంప్యూటరులో కాళ్ళమీద నిలిచిన మేనమామ స్టూడియోవారి కంప్యూటరులో గోడమీద అడ్డముగా నడచును.