ఐదో తరగతి దగ్గర

డిసెంబర్ 24, 2024, మంగళవారం

విద్యాహక్కు చట్టం నియమాలు మార్చారని పేపర్లో పెద్దక్షరాలతో వేశారు. గెజెట్లో 16నే వచ్చిందట, అందరికీ తెలిసింది నిన్న. ఇక ఐదు, ఎనిమిది తరగతుల్లో ఏడాది చివర పరీక్ష తప్పిన పిల్లలకి అదనంగా పాఠాలు చెప్పి, ఫలితాలొచ్చిన రెండు నెలల్లోగా మళ్లీ పరీక్ష పెడతారు. అదీ తప్పితే అదే తరగతి. బడిలోంచి మాత్రం పంపేయకూడదు.

2010 ఏప్రిల్ 1న చట్టం అమల్లోకి వచ్చినప్పట్నించి ఎనిమిది దాకా ఎవరినీ ఆపేది లేదు. 2019లో పార్లమెంటు ఆపకూడదన్న సెక్షన్‌ని సవరించి, ఆపాలో వద్దో ప్రభుత్వాల ఇష్టానికి వదిలేసింది. మేం ఆపబోమని తమిళనాడు విద్యామంత్రి అప్పుడే చెప్పేశారు. అండమాన్‌లో ఉన్న మనకా వెసులుబాటు లేదు. శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతానికి, ఈ చట్టం లెక్కలో, ప్రభుత్వం అంటే కేంద్రమే. ఊరి పేరు శ్రీ విజయ పురం అయింది కూడా మొన్న సెప్టెంబర్లో ఢిల్లీ చెప్తేనే కదా. (ఈ పుస్తకంలో మాత్రం అది పోర్ట్ బ్లెయిరే.)

సాయంత్రం కొడుకుని ట్యూషన్‌కి దింపుతూ జంగ్లీఘాట్ ఆవిడ, "మల్లీ ఫెయిల్ చేసేత్తారట గదా టీచరమ్మా? మంచిదే, గుంటడికి బయ్యముంటాది" అంది. వాడు ఐదులోనే ఉన్నాడు. ఇంగ్లీషు పాఠం గడగడా అప్పజెప్తాడు. మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిట్రా అంటే నా మొహం చూస్తాడు. భయం లేక కాదు. చదవడం రాదు, అంతే.

జనవరి 30, 2025, గురువారం

ఒక్క రోజు తేడాతో రెండు నివేదికలు. మొన్నటిది మన 'అసర్' సర్వేది. పల్లెల్లోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. ఇదే ఎక్కువని సంతోషిస్తున్నారు, 2022లో 16.3 ఉండేదిట. నిన్నటిది అమెరికాది. అక్కడ నాలుగో తరగతిలో 40 శాతం పిల్లలు చదవడంలో కనీస స్థాయికి కూడా చేరలేదు. రెండోది పంపింది జాక్సన్‌లో ఉన్న మేనకోడలు. "అత్తా, మా మిసిసిపీ వరస చూడు" అని కింద రాసింది.

చూశాను. నాలుగో తరగతి పిల్లల చదవడంలో 2013లో యాభై రాష్ట్రాల్లో 49వ స్థానం, ఇప్పుడు 9. దేశంలోకెల్లా పేద రాష్ట్రాల్లో ఒకటి మరి. 2013లో వాళ్లొక చట్టం చేశారు: మూడో తరగతి చివర చదివే పరీక్ష దాటకపోతే నాలుగుకి పంపరు. మన టీవీల్లో ఎవరైనా ఈ వార్త చెప్తే ఇక్కడికే ఆపేస్తారు. చూశారా, ఫెయిల్ చేస్తే చదువొచ్చింది అంటారు.

రాత్రి ఫోన్లో గంటసేపు అడిగి రాసుకున్నాను. కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి దాకా ఏడాదికి మూడుసార్లు ప్రతి పిల్లనీ చదివించి చూస్తారు. వెనకబడితే వెంటనే ఇంటికి ఉత్తరం. టీచర్లకి అక్షరానికీ శబ్దానికీ ఉన్న ముడి ఎలా నేర్పాలో శిక్షణ ఇచ్చారు. బాగా వెనకబడిన బళ్లకి రాష్ట్రమే చదవడం నేర్పే కోచ్‌లని పంపింది. ఈ చట్టానికి ముందే, 2000లో, జిమ్ బార్క్స్‌డేల్ అనే వ్యాపారి పది కోట్ల డాలర్లు చదవడం నేర్పించడానికే ఇచ్చాడు. ఇంత చేశాక పెట్టారు ఆ పరీక్ష.

వాదన అక్కడా తెగలేదు. బలహీనుల్ని మూడులోనే ఆపితే నాలుగో తరగతి సగటు పెరగదా అని కొందరి ప్రశ్న. అది కొట్టిపారెయ్యాల్సిన ప్రశ్న కాదు. 1996లో షికాగో కూడా పిల్లల్ని ఆపడం మొదలెట్టింది. ఆగిన మూడో తరగతి పిల్లలకి పెద్ద లాభం లేదనీ, ఆరో తరగతి పిల్లలకి నష్టమే జరిగిందనీ తర్వాత అక్కడి పరిశోధకులే తేల్చారు.

మార్చి 22, శనివారం

అమెరికా కేంద్ర విద్యాశాఖ మూసివేతకి ఏర్పాట్లు చెయ్యమని ట్రంప్ గురువారం సంతకం పెట్టాడు. 1979 చట్టంతో పుట్టిన శాఖ, కాంగ్రెస్ ఒప్పుకోకుండా పూర్తిగా పోదు. బడుల ఖర్చులో కేంద్రం వాటా అక్కడ సుమారు పదోవంతే. 2002లో బుష్ చట్టం 2014 కల్లా పిల్లలందరూ పాసవ్వాలని గడువు పెట్టింది. అవలేదు. 2015లో ఆ చట్టాన్నే మార్చేసి పగ్గాలు చాలావరకు రాష్ట్రాలకి ఇచ్చేశారు. వాళ్ల తగువు ఎవరు నడపాలన్నదాని మీద. ఇక్కడ ఆ తగువుకే చోటు లేదు.

ఏప్రిల్ 16, బుధవారం

నిన్నట్నించి చేపల వేట నిషేధం, జూన్ 14 దాకా. బోట్లన్నీ ఒడ్డునే. గుంటడు లెక్కల్లోనూ ఇంగ్లీషులోనూ తప్పాడు.

వాడి నాన్న వచ్చాడు. ఏటా ఈ రెండు నెలలే సోంపేట వెళ్తారు, ముసలి తల్లి అక్కడే ఉంది. విశాఖ ఓడ రోజూ ఉండదు, టికెట్లు ముందే తీశాడు. నియమం ఇచ్చిన రెండు నెలలూ, నిషేధం ఇచ్చిన రెండు నెలలూ, బడి సెలవులూ ఒకేసారి. "ఎల్తే పరీచ్చ పోద్ది, ఎల్లకపోతే అమ్మ మొకం సూడలేను. ఏటి సేయమంటావు?" అన్నాడు. జవాబు నాకూ తట్టలేదు.

గుంటడిని కూర్చోబెట్టి తెలుగులో అడిగాను. వలలో పడ్డ చేప పన్నెండు వేలకి పోయింది, డీజిలు మూడు వేలు తీసేసి మిగిలింది ఓనరుకి సగం, తక్కిన సగం ముగ్గురికి సమానంగా అయితే నాన్నకెంత? "పదైదొందలు" అన్నాడు, వేళ్లు కూడా ముడవకుండా. అదే లెక్క ఇంగ్లీషులో రాసిస్తే కాగితం వెనక్కి తిప్పి చూశాడు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బళ్లో ఇంగ్లీషు. 2011 జనగణనలో ఈ దీవుల్లో నూటికి పదమూడుగురు తెలుగువాళ్లు. తెలుగు మాధ్యమం బడులూ ఉన్నాయి, నేను పని చేసింది అందులోనే. ఏటేటా పిల్లలు తగ్గడం కళ్లారా చూశాను. తల్లిదండ్రుల్ని తప్పుపట్టను. ఇంగ్లీషు వస్తే ఉద్యోగం అన్నది వాళ్లు కళ్లతో చూసిన మాట.

పరీక్షలు బట్టీని కాకుండా సామర్థ్యాన్ని చూడాలని ఆ కొత్త నియమంలోనే రాశారు. వీడికి సామర్థ్యం ఉంది. అదేమిటో వీడి భాషలో అడిగేవాళ్లు లేరు.

జూన్ 4, బుధవారం

తండ్రి ఒక్కడే సోంపేట వెళ్లాడు. తల్లీ పిల్లలూ ఉండిపోయారు. ఏప్రిల్ నెలాఖరు నుంచి గుంటడు రోజూ పొద్దున్నే వచ్చాడు. ముందు తెలుగు అక్షరాలే నేర్పాను. అక్షరం అంటే ఒక శబ్దం అని ఒక్క భాషలో పట్టుబడితే రెండోది దాన్నే పట్టుకుంటుంది. ఆ తర్వాతే ఇంగ్లీషు. మళ్లీ పెట్టిన పరీక్షలో లెక్కలు బాగానే రాశాడు, ఇంగ్లీషు అంచు మీద గట్టెక్కాడు. ఆరులోకి వెళ్లాడు. అదే తరగతిలో మరో పిల్ల ఆగిపోయింది, ఊరెళ్లిన పిల్ల.

ఆగిన పిల్లల జాబితా ప్రధానోపాధ్యాయులు స్వయంగా ఉంచుకుని చూసుకోవాలని నియమం. మంచిదే. కానీ ఆ జాబితా ఐదో తరగతిలో మొదలు కావడమే నాకు నచ్చలేదు. అక్షరం తప్పిపోయేది ఒకటి, రెండు తరగతుల్లో.

రేపట్నించి ట్యూషన్ గుమ్మం పక్కన ఈ కాగితం అంటిస్తున్నాను: రెండో తరగతి పిల్లల అమ్మానాన్నలకి. వారానికోసారి మీ పిల్ల ఎప్పుడూ చూడని పేజీ ఒకటి తీసి, ఏ భాషలోదైనా సరే, చదవమని వినండి. మీకు చదువు రాకపోయినా తడబాటు చెవికి తెలుస్తుంది. తడబడితే ఆ వారమే బడికెళ్లి టీచర్ని అడగండి. ఐదో తరగతి దాకా ఆగకండి.