పాత బండికి చల్లగాలి

ఉత్తరాఖండ్‌లో సితార్‌గంజ్ దగ్గర బయల్దేరిన 30వ నంబరు జాతీయ రహదారి లక్నో, జబల్‌పూర్, రాయ్‌పూర్, జగదల్‌పూర్ దాటుకుని, భద్రాచలం దగ్గర గోదావరి దాటి, తిరువూరు, మైలవరం మీదుగా దాదాపు రెండు వేల కిలోమీటర్లు నడిచొచ్చి మా ఇబ్రహీంపట్నం రింగు దగ్గర ఆగుతుంది. పుణె నుంచి హైదరాబాదు మీదుగా మచిలీపట్నం పోయే 65వ నంబరు రహదారి అక్కడే దానికి ఎదురవుతుంది. ఈ రెండు దారుల బళ్ళు చాలవన్నట్టు థర్మల్ కేంద్రం నుంచి బూడిద మోసే లారీలు, కొండపల్లి ఫ్యాక్టరీల సరుకు బళ్ళు, మైలవరం, జి.కొండూరు తోటల నుంచి మామిడికాయ తోలే చిన్న బళ్ళు. అందుకే మా ఊళ్ళో పుట్టిన పిల్లవాడికి అక్షరాలకన్నా ముందు హారన్లు వస్తాయి. ఏ కూత ఏ బండిదో చూడకుండా చెప్పేస్తాడు.

వేసవిలో ఆ కూడలి దగ్గర ఒక్క గంట నిలబడితే చాలు, డ్రైవర్ల బతుకేమిటో తెలుస్తుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మాకు ఒక పక్క కొండపల్లి కొండరాళ్ళు పగలంతా కాగుతాయి, ఇంకో పక్క ప్రకాశం బ్యారేజీ నిలబెట్టిన కృష్ణ నీళ్ళు ఆవిరి పోస్తాయి. సెగకి ఉక్క తోడవుతుంది. ఒంటి చర్మం వేడి 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంతకు మించి వేడెక్కిన గాలి కిటికీలోంచి ఎంత జోరుగా వచ్చినా ఒంటిని చల్లబరచదు, ఇంకా కాస్త వేడి పోసి పోతుంది. అప్పుడు ఆదుకునేది చెమట ఆరడమొక్కటే. గాలిలో తేమ నిండి ఉంటే అదీ ఆరదు. తల మీద తడి తువ్వాలు వేసుకుని, నీళ్ళ సీసాకి తడిగుడ్డ చుట్టుకుని 44 డిగ్రీల ఎండలో బండి తోలే మనిషి గుండె రెండు పనులు చేస్తుంది. కాళ్ళకీ చేతులకీ సత్తువ పంపాలి, ఒంట్లో వేడిని చర్మం దాకా మోసుకురావాలి. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. వడగాడ్పుని మనం ఏటా వచ్చే చుట్టంలాగా భరించకూడదని నా గట్టి నమ్మకం.

మా బాబాయి దగ్గర ఒక టాటా మొబైల్ ఉంది. 1988లో టెల్కో వాళ్ళు తెచ్చిన పికప్ అది. దాని పునాది మీదే తర్వాత 1991లో సియెరా, ఆ వెనక ఎస్టేట్ కార్లు వచ్చాయి. ముందు ముక్కు, వెనక తొట్టి, మధ్యలో ముగ్గురు ఒదిగి కూర్చునే క్యాబిను. తొంభైల్లో మామిడికాయలు తోలడానికి కొన్నాడు. పవర్ స్టీరింగు లేదు, తిప్పాలంటే భుజం నొప్పెడుతుంది. అయినా ఆ బండి అమ్మే మాట ఎవరెత్తినా బాబాయి పలకడు. పిల్లల ఫీజులు కట్టిన బండి, పెళ్ళికూతుర్ని ఊరేగించిన బండి, పెద్దాయన్ని రాత్రికి రాత్రి బెజవాడ ఆసుపత్రికి చేర్చిన బండి అది. నిరుడు ఎండల్లో మైలవరం నుంచి కాయ వేసుకొస్తూ గొల్లపూడి దగ్గర కళ్ళు తిరిగి బండి పక్కకి ఆపేశాడు. ఆ రాత్రే పిన్ని తేల్చి చెప్పింది: "బండైనా మానెయ్, లేకపోతే దానికి ఏసీ అయినా పెట్టించు."

బాబాయి అభ్యంతరం డబ్బు గురించి కాదు. "అద్దాలు మూసుకుని కూర్చుంటే ఇంజను ఏం చెబుతోందో నాకెలా వినపడుద్దిరా?" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా చెవితో బండి తోలిన మనిషికి అది నిజమైన భయం. బేరింగు అరుపు, బెల్టు జారుడు, వెనక టైరులో దిగిన మేకు టకటక, ఇవన్నీ ఆయనకి కిటికీలోంచి వచ్చే కబుర్లు. నేను ఆ మాట తీసిపారేయలేదు. బెజవాడ ఆటోనగర్లో పాత బళ్ళ పని తెలిసిన మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళి, ముందు ఆ సందేహమే అడిగించాను.

ఆసియాలోకెల్లా పెద్ద ఆటోనగర్లలో ఒకటని మనవాళ్ళు చెప్పుకునే చోటు అది. ఒట్టి చాసిస్‌గా వచ్చిన లారీలు ఇక్కడ కర్రా ఇనుమూ తొడుక్కుని, రంగులేసుకుని, నిమ్మకాయలు కట్టుకుని రోడ్డెక్కుతాయి. ఆ మేస్త్రీ బాబాయి మాట విని నవ్వలేదు. "చేతికి తెలుస్తుందండీ. చెవి మూసుకుంటే చెయ్యి తెరుచుకుంటుంది. స్టీరింగులోనూ గేరు రాడ్డులోనూ అన్నీ తెలుస్తాయి, నెల పోనివ్వండి" అన్నాడు. తర్వాత బండి చుట్టూ తిరిగి, తలుపు మూసి తీసి, సీటు ఎత్తి చూసి, ఏసీ సంగతి పక్కన పెట్టేశాడు. "ముందు చిల్లులు మూయించండి బాబూ. చిల్లుల కుండకి నీళ్ళు మోయడం దండగ."

ఈ మాట మీద కాస్త ఆగి చెప్పాలి. పాత బండికి ఏసీ పెట్టించి, చల్లగా లేదని తిట్టుకునేవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే తప్పిపోతారు. పాత పికప్ క్యాబిను అంటే ఒక రేకుల పెట్టె. కప్పు రేకు మిట్టమధ్యాహ్నం చెయ్యి పెట్టనివ్వదు, ఆ వేడి నేరుగా నెత్తి మీదికి దిగుతుంది. ఇంజనుకీ కాళ్ళకీ మధ్య ఉన్న రేకుగోడ ఇంకో పొయ్యి. క్లచ్చి కేబులు, వైర్లు దూరే బెజ్జాల్లో రబ్బర్లు ఎప్పుడో రాలిపోయాయి. గేరు రాడ్డు చుట్టూ తొడుగు చిరిగింది. తలుపుల బీడింగు ఎండి పెళుసెక్కింది. కాళ్ళ దగ్గర తుప్పు తిన్న చోట రోడ్డు కనపడుతోంది. వీటన్నిటిలోంచీ వేడిగాలి, దుమ్ము, డీజిలు పొగ లోపలికొస్తాయి. మేస్త్రీ మనుషులు సీటు, మ్యాటు, కప్పు లైనింగు మొత్తం విప్పేశారు. తుప్పు కోసి కొత్త రేకు అతికారు. బెజ్జాలకి కొత్త రబ్బర్లు వేశారు. నేల మీద, రేకుగోడ మీద, కప్పు కింద ఫోమ్ షీట్లు పరిచి, దాని మీద రెక్సిను కుట్టించారు. తలుపులకి కొత్త బీడింగు తిరిగింది. కప్పు పైన తెల్లరంగు వేయించాం. అద్దాలకి నల్ల ఫిల్ము వేయిద్దామని కుర్రాడెవరో అంటే మేస్త్రీ వద్దన్నాడు. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు కూడదని తీర్పిచ్చింది గనక దాని బదులు ముందు అద్దానికి లోపలి నుంచి ఆనించే ఎండ తెర కొన్నాం, బండి నిలిపినప్పుడు వాడుకోవడానికి.

ఇదంతా అయ్యాక, ఏసీ జాడైనా లేకుండానే, బాబాయి ఒక మధ్యాహ్నం బండి తోలి వచ్చి "సగం సెగ పోయింది" అన్నాడు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా గుర్తుండిపోయిన మాట అదే.

ఆ తర్వాత యంత్రం. ఏసీ చల్లదనాన్ని పుట్టించదు, వేడిని ఒకచోట ఎత్తి ఇంకోచోట దించుతుంది. ఇంజను తిప్పే బెల్టుతో కంప్రెసర్ తిరిగి గ్యాసుని నొక్కుతుంది. నొక్కుడుకి కాగిన గ్యాసు బండి ముక్కు దగ్గరున్న కండెన్సర్లో గాలికి వేడి వదిలి ద్రవంగా మారుతుంది. సన్నటి వాల్వులోంచి ఒక్కసారి బయటపడి డ్యాష్‌బోర్డు కింద కూలింగ్ కాయిల్లో మళ్ళీ ఆవిరవుతూ క్యాబిన్లో వేడిని పీల్చుకుంటుంది. బ్లోయరు ఆ కాయిల్ మీదుగా గాలి తోలుతుంది. చిన్న క్యాబినే గదా అనుకోవద్దు. చుట్టూ అద్దం, రేకు. పడకగదికి పెట్టుకునే ఏసీ పాటి, అంటే సుమారు ఒక టన్ను సత్తా దీనికీ కావాలి.

కంప్రెసర్ని ఇంజనుకి బిగించే బ్రాకెట్ దగ్గరే పాత బళ్ళలో పని చెడుతుంది. పుల్లీ వెంట్రుకవాసి పక్కకి జరిగినా బెల్టులు తెగుతూనే ఉంటాయి. కొత్త బ్రాకెట్ చేయించే బదులు ఆటోనగర్ స్క్రాపులో పాత సియెరా సామాను వెతికించాడు మేస్త్రీ. అదే వంశం బండి, పైగా ఏసీతోనే పుట్టిన కారు. బ్రాకెట్ దొరికింది. కంప్రెసర్ మాత్రం కొత్తది కొన్నాం. పాత కంప్రెసర్ లోపలి రజను పైపులన్నిటినీ పాడుచేస్తుంది.

రెండో చిక్కు రేడియేటరు. కండెన్సర్ దాని ముందే కూర్చుని తన వేడంతా దాని మీదికి ఊదుతుంది. రోడ్డు మీద పరుగులో ఉన్నంతసేపూ పర్వాలేదు, రింగు దగ్గర ట్రాఫిక్కులో ఆగితే ఇంజను ముల్లు పైకి లేస్తుంది. కాబట్టి రేడియేటర్ కోరు మార్పించాం, కండెన్సర్‌కి కరెంటు ఫ్యాను పెట్టాం. ఫ్యానుకీ బ్లోయరుకీ పాత డైనమో చాలదు, అదీ పెద్దది పడింది. బ్యాటరీతో నడిచే రూఫ్ ఏసీలు వస్తున్నాయి కదా అని నేనడిగాను. పన్నెండు ఓల్టుల మీద కిలోవాటుకి దగ్గరగా లాగాలంటే ఎనభై ఆంపియర్ల కరెంటు కావాలి, ఈ బండి వైర్లు అంత మోయలేవన్నాడు మేస్త్రీ. ఆ లెక్క సరైందే.

గ్యాసు ఎక్కించే ముందు వ్యాక్యూమ్ పంపు అరగంటకి పైనే నడిపించాడు. లోపల తేమ చుక్క మిగిలినా వాల్వు దగ్గర మంచై అడ్డుపడుతుంది, నూనెతో కలిసి పైపుల్ని తింటుంది. ఎక్కించింది ఆర్ 134ఏ. పాతకాలపు ఆర్ 12 ఓజోన్ పొరకి చేటని తేలి, 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత ప్రపంచమంతా మానుకుంది. ఇప్పటిది ఓజోన్ జోలికి పోదు. గాలిలోకి లీకైతే మాత్రం బొగ్గుపులుసు వాయువుకన్నా వెయ్యి రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. అందుకే ప్రతి జాయింటుకీ సబ్బునీళ్ళు పూసి చూసే మేస్త్రీనే వెతుక్కోవాలి. ఏటా గ్యాసు నింపించుకోవాలనేవాడు పని సరిగ్గా చేయనివాడు.

కంప్రెసర్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటే డీజిలు మాటేమిటని బాబాయి అడిగాడు. పుల్లీలో ఉన్న కరెంటు క్లచ్చి కావాల్సినప్పుడే పట్టుకుంటుంది. 1939లో ప్యాకార్డ్ కంపెనీ అమెరికాలో మొట్టమొదట ఏసీ అమర్చిన కారు అమ్మినప్పుడు ఆ సదుపాయం లేదు. ఏసీ ఆపాలంటే కారు ఆపి, బానెట్టు ఎత్తి, బెల్టు ఊడదీయాల్సి వచ్చేది. ఇప్పుడు ఎక్కుడు వచ్చినప్పుడు బాబాయి వేలితో స్విచ్చి ఆపి, దుర్గగుడి ఫ్లైఓవర్ ఎక్కేసి మళ్ళీ వేసుకుంటాడు. కంప్రెసర్ మూడు నుంచి ఐదు హార్స్‌పవర్ దాకా లాగుతుంది, మైలేజీ కొంత తగ్గుతుంది. మొత్తం ఖర్చు నాలుగు కొత్త టైర్ల ధరకి రెండింతల దాకా అయింది. టైర్లు అరిగితే మార్చమని ఏ యజమానికీ ఎవరూ చెప్పక్కర్లేదు గదా.

ఆ ప్యాకార్డ్ కారు వచ్చిన రోజుల్లోనే, 1930ల చివర్లో, ఫ్రెడరిక్ మెకిన్లీ జోన్స్ అనే నల్లజాతి మేధావి లారీకి బిగించే చలియంత్రాన్ని తయారుచేశాడు. కారులో దొరకి, లారీలో సరుకుకి ఒకే కాలంలో చల్లగాలి అందింది. లారీ తోలే మనిషికి మాత్రం అందలేదు. ఇవాళ్టికీ డెల్టాలో ఆ దృశ్యం చూడొచ్చు. ఎగుమతికి పోయే రొయ్య మైనస్ 18 డిగ్రీల పెట్టెలో పోతుంది. కైకలూరు చేప ఐసు కప్పుకుని హౌరా దాకా పోతుంది. దాన్ని మోసే డ్రైవరు ఇంజను పక్కన ఉడుకుతాడు. రాష్ట్రంలో ఎన్నో ఏసీలకి కరెంటు పంపే నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ 1979లో మా ఊళ్ళో నడిచింది. దాని బూడిద కోసం వరసలో నిలబడ్డ లారీల్లో చల్లగాలి తగిలిన క్యాబిన్లు ఎన్నో చూసి రండి. నాకు కోపం వచ్చేది అక్కడే.

చట్టం కొంత కదిలింది. మూడున్నర టన్నులకు మించిన సరుకు వాహనాల్లో 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యేవాటికి ఏసీ క్యాబిను తప్పనిసరి అని కేంద్రం 2023 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. మంచి పని. పాత రైలింజన్లలో కూడా లోకో పైలట్ల క్యాబిన్లకి ఏసీలు అమరుస్తూ వచ్చారు. అయితే లారీల నిబంధన కొత్త బళ్ళకే. రోడ్డు మీద ఇప్పటికే ఉన్న లారీలకి వర్తించదు. మూడున్నర టన్నుల లోపు పికప్పులకి, చిన్న ట్రక్కులకి కొత్తవైనా వర్తించదు. మామిడికాయ, కూరగాయ, పాలు, సిమెంటు బస్తా మన గుమ్మం దాకా తెచ్చేవి ఆ చిన్న బళ్ళే. వాటి సంగతి యజమాని చేతిలోనే ఉంది.

బాబాయి ఈ వేసవిలో మధ్యాహ్నం లోడు మానలేదు. సాయంత్రం ఇంటికొచ్చి పిన్నితో కూర్చుని నాలుగు మాటలు మాట్లాడే ఓపిక మిగులుతోంది. మేస్త్రీ అన్నట్టే గేరు రాడ్డు పట్టుకుని బండి గుట్టు చెప్పేస్తున్నాడు.

బండి యజమానులకి ఒక మనవి. సంక్రాంతి దాటగానే, మేస్త్రీలకి తీరిక ఉన్నప్పుడే, మీ పాత బండిని తీసుకెళ్ళి క్యాబిను విప్పించి చూడండి. కుదిరితే ఏసీ పెట్టించండి. ఈ ఏడు చేతిలో డబ్బు ఆడకపోతే కప్పు కింద ఫోమూ తలుపులకి బీడింగూ అయినా వేయించండి. అది పెద్ద ఖర్చు కాదు. మీ డ్రైవరు రేపు ఎండలోనే బయల్దేరాలి.