మిగతా 23 గంటలు

మార్కాపురం చుట్టుపక్కల ఊళ్లలో మంచాన పడ్డవాళ్లను ఇళ్లకు వెళ్లి చూసుకునే పని నాది. పక్షవాతం వచ్చినవాళ్లు, తుంటి ఎముక విరిగినవాళ్లు, వయసు మీదపడి లేవలేనివాళ్లు. ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, కాళ్లూ చేతులూ ఆడించడం, పుండ్లేమైనా పడుతున్నాయేమో చూడటం. ఒక్కో ఇంట్లో గంట పని. ఆ గంట ఎవరికోసమో నాకు తెలియజెప్పింది తర్లుపాడు వైపు ఒక ఊళ్లోని కోడలు.

అత్తకు పక్షవాతం. కొడుకు హైదరాబాదులో తాపీ పనికి వెళ్లాడు. నేను అవ్వను పక్కకు తిప్పుతుంటే గడప దగ్గర నిలబడి చూస్తూ, "అక్కా, నువ్వు తిప్పుతుంటే తేలిగ్గానే తిరుగుతాది. రాత్రిపూట నేనొక్కదాన్నే. నా వల్ల కావట్లేదు" అంది. గొంతులో ఫిర్యాదు లేదు, అలసట ఉంది.

ఆ రోజు నుంచి నా చేతులతో చేయడం తగ్గించి, ఆమె చేతులతో చేయించడం మొదలుపెట్టాను. అవతలి మోకాలు మడిచి, ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి తుంటి మీద వేసి, రెండూ ఒకేసారి తనవైపు తిప్పుకుంటే ఒక్కరే తిప్పగలరు. రెండు గంటలకోసారి పక్క మార్చాలని అందరం చెబుతాం. ఎలా మార్చాలో చేయించి చూపేవాళ్లు తక్కువ. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. నల్లటి ఒంటి మీద ఎరుపు కనపడదు కాబట్టి వేడిగా ఉందా, గట్టిపడిందా అని చేత్తో తడిమి చూడాలి. అక్కడ రుద్దకూడదు. మడమలు పక్కకు ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టాలి. అన్నం కూర్చోబెట్టే తినిపించాలి, తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. ఇవన్నీ ఆమె నా ముందు చేసి చూపించాకే నేను కదిలేదాన్ని.

వేళ కూడా మార్చుకున్నాను. మా వైపు ఆడవాళ్లు పొద్దున్నే పొలానికో, ఉపాధి పనికో వెళ్లిపోతారు. పదింటికి వెళితే రోగి ఉంటుంది, చూసుకునే మనిషి ఉండదు. ఎండాకాలంలో ట్యాంకరు ఏ రోజు వస్తుందో కూడా కనుక్కుంటాను. బిందెడు నీళ్ల కోసం ఎదురుచూసే ఇంట్లో రోజూ ఒళ్లు తుడవమని చెప్పి రావడం న్యాయం కాదు. నీళ్లు లేని రోజు కనీసం మలమూత్రాలు తగిలే చోటైనా తుడిచి, తడి ఆరనివ్వాలి.

ఇలా ఇంటి దగ్గరే నేర్పించడం కొత్తేమీ కాదు. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ పల్లెటూరి ఆడవాళ్లకే నేర్పించి, ఇళ్లలోనే పసికందులను కాపాడారు. ఆ ఫలితాలు 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. అదే దారిలో మన ఆశా కార్యకర్తలు ఆస్పత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి 42వ రోజులోపు ఆరుసార్లు వెళతారు. తల్లికి నేర్పడం అందులో సగం పని. పుట్టిన బిడ్డకు ఇంత పద్ధతి ఏర్పరచుకున్నాం. మంచాన పడ్డ ముసలివాళ్లకూ, వాళ్లను మోసే ఆడవాళ్లకూ అలాంటిది కావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

2024 జూలై నుంచి పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు ఎన్టీఆర్ భరోసా పింఛను కింద నెలకు 15 వేల రూపాయలు అందుతున్నాయి. ఎన్నో ఇళ్లకు అది పెద్ద ఆసరా. కానీ రాత్రి రెండింటికి లేచి పక్క మార్చే మనిషికి నిద్ర ఎప్పుడు? ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా ముందు అడిగేది ఆమెనే: తిన్నావా, నడుము ఎలా ఉంది, నీకు బదులు ఒక పూట కూర్చునేవాళ్లు ఎవరున్నారు? పక్కింటి వదినో, ఆడబిడ్డో ఒప్పుకుంటే వాళ్లకూ నేర్పిస్తాను.

హైదరాబాదులో, బెంగళూరులో పనులు చేసుకుంటున్న మా వైపు బిడ్డలారా, ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మ ఎలా ఉందని అడగండి. ఆ వెంటనే ఫోన్ ఎత్తిన మనిషి రాత్రి ఎంతసేపు నిద్రపోయిందో కూడా అడగండి. నెలకు రెండు రోజులైనా వచ్చి, ఆమెను పడుకోనివ్వండి.