కాడ కింద చిగురు

సెప్టెంబరు మొదటి వారంలో మా అమ్మాయికి పురుడు పోయడానికి లండన్ వెళ్లాను. చేతిలో ఆరు నెలల వీసా, పెట్టెలో బాలింత కాయం, శొంఠి, సున్నిపిండి. ఈస్ట్‌హామ్‌లో వాళ్లుండే వీధిలో ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మా గుమ్మానికి ఆనవాలు ఎదురుగా ఉన్న చెట్టే.

ఆకు చూస్తే ఆముదపాకు. మాను చూస్తే జామ. కొమ్మలకి పొడుగాటి కాడలతో వేలాడే కాయలు చూస్తే రేకులు రాలిన కదంబం బంతులు. ఇన్ని పోలికలు ఒక్క చెట్టులో ఎప్పుడూ చూడలేదు.

"ఏం చెట్టే ఇది?"

"ప్లేన్ ట్రీ అమ్మా. లండన్‌లో ఎటు చూసినా ఇదే."

విమానానికీ ఈ పేరుకీ చుట్టరికం లేదు. వెడల్పు అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. ఆ ఆకు వెడల్పు చూస్తే ఎందుకు పెట్టారో వేరే చెప్పక్కర్లేదు.

మర్నాడు పొద్దున్నే దగ్గరికి వెళ్లి మాను మీద చెయ్యి వేశాను. బెరడు పెచ్చులు పెచ్చులుగా ఊడి ఉంది. కొత్తగా ఊడిన చోట మీగడ రంగు, కిందటేడు ఊడిన చోట లేత ఆకుపచ్చ, ఇంకా అంటుకుని ఉన్నచోట బూడిద రంగు. మా పెరటి జామచెట్టుకీ ఇలాగే పల్చటి పెచ్చులు లేచేవి. వాటిని గోళ్లతో ఒలిచి అమ్మమ్మ చేత చివాట్లు తిన్న చేతులివి, ఇక్కడా ఊరుకోలేదు. ఒక పెచ్చు లేపితే అప్పడంలా విరిగి అరచేతిలోకొచ్చింది. దాని కింద మాను నున్నగా, చల్లగా తగిలింది.

మాను లావెక్కుతుంటే దాంతోపాటు సాగే గుణం ఈ బెరడుకి లేదు. అందుకే పగిలి రాలిపోతుంది. పందొమ్మిదో శతాబ్దంలో లండన్ పొగగొట్టాలన్నీ బొగ్గుపొగ కక్కుతున్నప్పుడు, తక్కిన చెట్లు మసికి ఉక్కిరిబిక్కిరైతే ఇది నిలబడింది. పాత బెరడుతోపాటు మసీ రాలిపోవడం, నున్నటి ఆకు మీద పడిన మసిని వాన కడిగేయడం దానికి కలిసొచ్చాయంటారు. రాతి పలకల కింద గట్టిపడిపోయిన మట్టిలోనూ వేళ్లు దారి వెతుక్కుంటాయి. 1870లో థేమ్స్ ఒడ్డున తెరిచిన విక్టోరియా ఎంబ్యాంక్‌మెంట్ వెంబడి వరసగా నాటినవి ఇవే. ఆ గట్టు కట్టించిన ఇంజనీరు జోసెఫ్ బాజల్‌జెట్. ఊరి మురుగు నేరుగా నదిలో కలవకుండా పెద్ద కాలువలు తవ్వించి, వాటిలో ఒకదాన్ని ఈ గట్టు కిందనుంచి నడిపించాడు. గోదావరి వాళ్లం కాటన్ దొరని తలుచుకున్నట్టు లండన్ వాళ్లు తలుచుకోదగ్గ మనిషి. ఆ చెట్ల కింద నది పక్కన నడుస్తున్నంతసేపూ నాకు ధవళేశ్వరం గట్టే కళ్ల ముందు ఉంది.

ఇది అడవిలో పుట్టిన చెట్టు కాదు. గ్రీసు నుంచి ఇరాన్ దాకా వాగుల ఒడ్డున పెరిగే చినార్ ఒక వైపు, అమెరికా తూర్పు ప్రాంతాల సికమూర్ మరో వైపు. నడుమ మహాసముద్రం. ఆ రెంటినీ మనుషులు తెచ్చి దగ్గర దగ్గరగా నాటుకున్నాక, పదిహేడో శతాబ్దంలో ఈ సంకరం పుట్టింది. స్పెయిన్‌లో అని కొందరు, లండన్‌లోనే ట్రాడెస్కంట్ అనే తోటమాలుల తోటలో అని కొందరు అంటారు. ఎక్కడ పుడితేనేం, ఊరి మధ్య బతకడం ఇంత బాగా తెలిసిన చెట్టు మరొకటి ఉంటుందనుకోను.

చినార్‌ని మా ఆయనతో కాశ్మీరు వెళ్లినప్పుడు చూశాను. అక్కడ రాలిన ఆకుల్ని ఆడవాళ్లు ఊడ్చి, కుప్ప పోసి కాల్చి, నీళ్లు చిలకరించి బొగ్గు చేసుకుంటారు. చలికాలంలో ఫెరన్ లోపల పెట్టుకునే కాంగ్డీ కుంపట్లకి ఆ బొగ్గే. లండన్‌లో మునిసిపాలిటీ బండి వచ్చి ఊడ్చుకుపోతుంది. ఈ ఆకు ఓ పట్టాన కుళ్లదు, తోలులా ఉండిపోతుంది, వాళ్లకీ వేరే దారి లేదు. అయినా ఆ బండి వెళ్లిపోయాక నున్నగా మిగిలిన వీధిని చూస్తే నాకేదో పారబోసినట్టే ఉండేది.

అక్టోబరు చివర పాపకి నెల నిండింది. కాస్త ఎండ పొడ కనబడితే చాలు, బండిలో పడుకోబెట్టి వీధి చివరిదాకా తిప్పేదాన్ని. ఒకరోజు చేతికందే కొమ్మకి సగం పసుపు తిరిగిన ఆకొకటి కనిపించింది. పాపకి చూపిద్దామని కాడ పట్టుకుని కిందికి లాగితే టప్పున ఊడొచ్చింది. కాడ అడుగు ఉబ్బి ఉంది. తిరగేసి చూస్తే లోపల డొల్ల, ఓ కందిగింజ పట్టేంత, కోసు టోపీలా. కొమ్మ వంక చూశాను. టోపీ ఊడిన చోట ఒక మొగ్గ. వడ్లగింజ కంటే కాస్త లావు, ఆకుపచ్చగా, తడి మెరుపుతో. చుట్టూ ఉంగరంలా ఆకు ఊడిన మచ్చ.

వచ్చే వసంతంలో విప్పుకోవలసిన చిగురు అది. జామకైనా మామిడికైనా చిగురు ఆకు చంకలో పుడుతుంది, పైకే కనబడుతుంది. ఈ చెట్టుకి మాత్రం ఆకే తన కాడ అడుగున దాన్ని పూర్తిగా కప్పి పెట్టుకుంటుంది. నెలల తరబడి ఎండా వానా దుమ్మూ పడేది ఆకు మీద. లోపలిది చీకట్లో తన పాటికి తను గట్టిపడుతుంది. ఆకు రాలినరోజే దానికి మొదటి వెలుతురు. నేను లాగిన ఆకుకి ఇంకా ఓ వారమో పది రోజులో గడువు ఉండి ఉంటుంది. ఆ సంగతి తోచేసరికి మనసు చివుక్కుమంది. మళ్లీ కొమ్మ మీది ఆకు ముట్టుకోలేదు. కింద రాలినవే ఏరి, ఒక్కొక్క కాడా తిరగేసి చూశాను. ప్రతిదాని అడుగునా అదే డొల్ల. గుప్పెడు ఏరి బండిలో దుప్పటి మీద పెట్టుకుని ఇంటికి తెచ్చాను. అమ్మాయి పాలు పడుతూ ఒక కాడ అందుకుని, డొల్లలోకి చూస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

నవంబరులో ఒక ఆదివారం అల్లుడు నన్ను బర్క్‌లీ స్క్వేర్‌కి తీసుకెళ్లాడు. గ్రీన్ పార్క్ స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే చాలు. "అత్తయ్యా, మీ చెట్లకి ముత్తాతలు ఇక్కడున్నారు" అన్నాడు. ముప్పై దాకా ఉన్నాయి. 1789లో నాటినవి. కొన్నింటికి మాను అడ్డమే ఆరడుగులు, బొడిపెలు బొడిపెలుగా, ఏనుగు మోకాళ్లలా. నేను కాకినాడ మనిషిని. 1789 అంటే మాకు తెలిసిన సంవత్సరమే. ఆ డిసెంబరులో మా పక్కనున్న కోరంగి రేవుని ఉప్పెన ముంచేసింది. మూడు మహా కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయని, 20,000 మంది పోయారని పాత రాతల్లో ఉంది. ఓడలు కట్టే ఊరు, బతికి బట్టకట్టి, 1839లో మళ్లీ మునిగింది. 1789లో నాటిన మొక్క ఇప్పటికీ నా అరచేతి కింద ఉంది. కోరంగి నుంచి అంతకాలం నాటిది చేత్తో తడమగలిగింది నాకేమీ మిగల్లేదు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, అల్లుడే చలి గాలి వేస్తోందని కదిలించాడు.

2008లో ఆ తోటలోని ఒక చెట్టుకి 7,50,000 పౌండ్ల విలువ కట్టారట. కలప ధర కాదు. లండన్ పురపాలక సంఘాల్లో చెట్లు చూసుకునే అధికారులకి ఒక లెక్క ఉంది. మాను మందం, చెట్టు ఆరోగ్యం, దాని చుట్టుపక్కల ఎంతమంది మనుషులు బతుకుతున్నారు, ఇవన్నీ అందులోకి వస్తాయి. చెట్టుకి ఎవరైనా చేటు చేస్తే నష్టపరిహారం అడగడానికి చేతిలో ఒక అంకె ఉంటుంది. పూర్వం పర్షియా చక్రవర్తి జెర్క్సీస్ దండయాత్రకి వెళుతూ దారిలో ఒక చినార్ అందానికి ముగ్ధుడై, దానికి బంగారు నగలు పెట్టించి కాపలా మనిషిని నియమించాడని హెరొడోటస్ రాశాడు. మన రావిచెట్టుకి పసుపూ కుంకుమా పెట్టినట్టే.

చెట్టుకి వెల కట్టడమేమిటని మొదట మనసొప్పలేదు. కానీ మా ఊళ్లో మా వీధి మొగలో నిద్రగన్నేరు చెట్లు కొట్టేసిన రోజు గుర్తొచ్చింది. రోడ్డు వెడల్పు చేయాలన్నారు. పొద్దున్న మొదలుపెట్టి భోజనాల వేళకి అయిపోగొట్టారు. కాగితం మీద వాటి విలువ కట్టెల ధరే. అశోకుడు దారి పక్కన చెట్లు నాటించాడని చదవని తెలుగు పిల్ల లేదు. అయినా చేవెళ్ల దారిలో సుమారు 900 మర్రిచెట్లు నిలబడాలంటే జనం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లవలసి వచ్చింది. మనకీ అలాంటి అంకె ఒకటి కావాలి, ఫైలు మీద కనబడేంత పెద్దది.

లండన్‌లోనూ అన్నీ సవ్యంగా లేవు. వీధి చెట్ల కొమ్మల్ని ఏడాదికో రెండేళ్లకో మొదలంటా నరుకుతారు. శీతాకాలంలో పిడికిళ్లు బిగించిన మొండి చేతుల్లా ఉంటాయి. లండన్ కింద ఉన్నది బంకమట్టి. చెట్టు నీళ్లు పీల్చేకొద్దీ మట్టి కుంచించుకుని ఇళ్ల పునాదులు బీటలు తీస్తాయని భయం. ఫ్రాన్స్‌లో జరిగింది ఇంకా ఘోరం. 240 కిలోమీటర్ల మిది కాలువ వెంబడి 42,000 ప్లేన్ చెట్లు గొడుగు పట్టేవి. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం తెచ్చిన మందుగుండు పెట్టెల చెక్కతో ఒక బూజు తెగులు ఫ్రాన్సులో దిగిందంటారు. 2006లో అది కాలువ గట్టున కనబడింది. అప్పటినుంచి వేలకి వేలు నరికి, అక్కడే తగలబెట్టి, వేరే రకాలు నాటుతున్నారు. నీళ్లలో వేళ్లు వేళ్లు కలుపుకుని నిలబడ్డ చెట్లు కదా, ఒకదానికొస్తే పక్కదానికి తప్పదు. ఆ ఫోటోలు చూసిన రాత్రి నిద్రపట్టలేదు.

ఫిబ్రవరి ఆఖర్న తిరిగొచ్చేశాను. బయల్దేరే రోజు కూడా మొగ్గలు మూసుకునే ఉన్నాయి. తక్కిన చెట్లకంటే ఇది ఆలస్యంగా చిగురిస్తుంది.

మే రెండో వారంలో అమ్మాయి వీడియో కాల్ చేసింది. పాప బండిలో కూర్చుంటోంది, బోసినోటితో నవ్వుతోంది. వెనక ఎండలో ఏదో పచ్చగా కదులుతోంది.

"ఇక్కడ అందరికీ దగ్గులమ్మా, చిగురాకుల మీది నూగు గాలికి రాలుతోందట."

"పాపకి లేదు కదా?"

"లేదు లేదు."

"అయితే ఒక్క నిమిషం ఫోను చెట్టు వైపు తిప్పవే."

తిప్పింది. దగ్గరికి పెట్టమన్నాను. కొమ్మ చివర మూడు ఆకులు, అణా కాసంతవి, పసిపిల్ల చెవి మీది లాంటి తెల్లటి నూగుతో. కాడల అడుగులు చూపించమన్నాను. ఫోను కాస్త వణికింది, మళ్లీ నిలకడగా ఆగింది. సన్నటి కాడలు, అప్పుడప్పుడే అడుగున కాస్త లావు దేరుతూ.

"కనబడుతోందా అమ్మా?"

"కనబడుతోంది."