బానెట్ కడ్డీ

ఎత్తిన బానెట్‌కు పోటుగా పెట్టే ఇనప కడ్డీ అంటే ఈ కాలం కుర్రాళ్లకు ఎందుకంత చిన్నచూపో! ఆదివారం పొద్దున్నే డాలస్ నుంచి మా మేనల్లుడు వీడియో కాల్ చేసి, తన మస్టాంగ్ చూపిస్తూ, "ఇంత బండికి ఈ కడ్డీ పోటేంటి మావయ్యా, పరువు తక్కువ కాదూ!" అన్నాడు. 2016లో ఆ బండిని మన దేశంలో అమ్మకానికి పెట్టినప్పుడు ఢిల్లీ షోరూం ధరే 65 లక్షలు. అంత పోసి కొన్నవాళ్లకీ ఫోర్డ్ వాళ్లు ఆ కడ్డీనే ఇచ్చారు. ఎవరి పరువూ పోలేదు.

వీడు మాత్రం కడ్డీ బదులు, లోపలి గ్యాసు ఒత్తిడితో బానెట్‌ను ఎత్తిపట్టే గ్యాస్ స్ట్రట్లు తెప్పించుకున్నాడు. పని పెద్దదేం కాదు. ఫెండర్ అంచు బోల్టులు విప్పి బ్రాకెట్లు బిగించాలి, పైన బానెట్ కీళ్ల దగ్గర ఇంకో జత, వాటి బాల్ స్టడ్ల మీద స్ట్రట్ కొసలు టక్కుమనేదాకా నొక్కాలి. అందాకా బానెట్ ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా, వాడి భార్య రెండు చేతులూ పైకెత్తి నిలబడింది. "ఇప్పుడు కడ్డీవి నువ్వే తల్లీ" అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు.

స్ట్రట్ సన్న రాడ్డు కిందికి ఉండాలని మాత్రం గట్టిగా చెప్పాను. లోపలున్న కాస్త నూనె కిందికి దిగి సీలును తడిపి ఉంచాలి. అది ఎండిందా, నైట్రోజన్ మెల్లగా జారుకుంటుంది. మొదటిసారి బానెట్‌ను చేత్తో నెమ్మదిగా దించమన్నాను. స్ట్రట్ కొలత కుదరకపోతే వంగేది బానెట్టే, పైగా దానిది అల్యూమినియం రేకు.

ఇంతకీ కడ్డీ చేసిన పాపమేంటి? మా కోడూరులో టీకొట్టు తడకను పైకెత్తి పంగలకర్ర పోటు పెడితే సాయంత్రందాకా అలాగే ఉంటుంది. స్ట్రట్ అలా కాదు, చలికి లోపలి గ్యాసు పీడనం తగ్గి నీరసపడుతుంది. ఎదురుగాలికి బానెట్ ఎగిరితే కడ్డీ జారుతుందంటారా, నిజమే. గాలికి అడ్డంగా ఆపుకోవాలి బండి.

మా పాత కారు డిక్కీకి ఉన్నవీ గ్యాస్ స్ట్రట్లే. సముద్రం పక్కనే ఉంటిమి, ఉప్పుగాలికి రాడ్డు మీద తుప్పు చుక్కలు లేచాయి. ఆ గరుకుకి సీలు గీసుకుపోయి గ్యాసంతా పోయింది. బియ్యం బస్తా దించుతుంటే తలుపు వచ్చి నడినెత్తిన పడింది. కొత్త జత బెజవాడ ఆటోనగర్ నుంచి రావాలన్నాడు మెకానిక్. రానీ, పోనీ! వెదురు కర్ర ఒకటి నరుక్కొచ్చి డిక్కీలో పడేశాను. పెళ్లిళ్లకు వెళ్లినప్పుడు మా ఆవిడ దాని మీద తువ్వాలు కప్పుతుంది.

మాఘ పౌర్ణమికి హంసలదీవిలో ఆ కర్రకు గిరాకీ. సాగరసంగమం స్నానాలకు వచ్చే కార్లలో నేలకు ఆనుకుని పోయే సోకుబళ్లు కూడా ఉంటాయి. రోడ్డు మీద ఆగరు, ఇసుకలోకి దించేస్తారు. టైర్లలో గాలి కాస్త తియ్యండయ్యా అంటే వినరు, యాక్సిలేటర్ తొక్కేకొద్దీ చక్రం ఇంకా దిగుతుంది. చక్రం ముందు ఇసుక తవ్వడానికి నా కర్ర కావాలి. ట్రాక్టరు కుర్రాడు ముందు బండి వంక, తర్వాత వాళ్ల చేతి గడియారాల వంక చూసి రేటు చెబుతాడు. కనీసం లోపలివాళ్లను దిగండి, బరువు తగ్గుతుందంటే, ఏసీ పోతుందట!